అరుపుల గంట

"మీ నాన్నగారు అరిచారా, అరవలేదా? నాకు అదొక్కటి చెప్పమ్మా," అంది పిన్ని.

కూతురు తలెత్తలేదు. ఆఫీసు ముందుగదిలో, మూసిన ల్యాప్‌టాప్ మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది. పక్కనే నిలబడ్డ ఆమె భర్త జవాబు చెప్పబోయి, ఎదురుగా ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని చూసి ఆగిపోయాడు.

"ఎలా అరుస్తాడండీ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆ గది తలుపు లాకరు తలుపంత మందం. లోపల గొంతు చించుకున్నా ఇక్కడికి వినపడదు. ఈయనగారేమో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఈ కుర్చీలోనే ఉన్నారు. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నారు."

"అరవడమంటే నోటితో కాదు బాబూ," అంది పిన్ని.

ఆవిడ ఇన్‌స్పెక్టర్‌కి పిన్నేమీ కాదు, ఆ దంపతులకీ ఏమీ కాదు. భర్త పోయాక ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే పనిలో చేరి, తరవాత సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న మనిషి. ఇంటికొచ్చిన వాళ్ళందరూ పిన్నీ అనే పిలుస్తారు. ఎంత గట్టి దొంగ దగ్గరైనా ఆవిడ గొంతు పెంచదు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని బయల్దేరాక ఎదుటివాడి చేత అబద్ధం ఆడిస్తే, ఆ పాపంలో తనకూ వాటా పడుతుందని ఆవిడ అనుమానం. అందుకే నిదానంగా అడుగుతుంది.

ఈ ఆఫీసులో తయారయ్యే సాఫ్ట్‌వేర్ పేరు 'కావలి'. ఏ తలుపు ఎవరికి తెరుచుకోవాలో తేల్చే ప్రోగ్రాము. దీన్ని ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. రాసిన ప్రతి అక్షరం ఇంటర్నెట్‌లో అందరికీ కనిపిస్తూ ఉంటుంది. ఎక్కడివాళ్ళైనా చదవచ్చు, తప్పు కనబడితే దిద్దచ్చు. ఆస్పత్రులు, బళ్ళు, ఆఫీసులు ఎన్నో దాన్ని వాడుకుంటున్నాయి. అందులో తాళం తీసి వేసే భాగాన్ని వీళ్ళు 'గడియ' అంటారు. పాత గడియ రాసింది కూతురి తండ్రి. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. దాన్ని తీసేసి ఆ చోట పెట్టడానికి కొత్త గడియ రాసింది ఆయన అల్లుడు.

పోయిన మంగళవారం పొద్దున పెద్దాయన ఈ ఆఫీసులో పెద్ద కంప్యూటర్లుండే యంత్రాల గదిలో చిక్కుకున్నాడు. పొగ లేదు, మంట లేదు. అయినా మంటలార్పే గ్యాస్ గదినిండా విడుదలైంది. తలుపు తెరుచుకోలేదు. అద్దంలోంచి చూసి, తలుపు బద్దలుకొట్టి ఆయన్ని బయటికి లాగింది అల్లుడే. ఊపిరాడక పడిపోయిన ఆయన ఇంతవరకూ స్పృహలోకి రాలేదు.

"నా లెక్క సూటిగా ఉంటుంది పిన్నిగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పాత గడియ తీసెయ్యడానికి వీల్లేదని మామగారు, తీసి తీరాలని అల్లుడు. నెలల తరబడి అందరూ చూస్తుండగా ఉత్తరాల్లో కొట్టుకున్నారు. ఆ పొద్దున తలుపులన్నీ కొత్త గడియ చేతిలో ఉన్నాయి. అది రాసింది ఈయన. తలుపు తెరుచుకోలేదు. ఇంకేం కావాలి? సాయంత్రం ఐదింటికి ఆ కొత్తదాన్ని ఆస్పత్రులన్నిటికీ వదులుతారట. ఆలోపే ఈయన్ని తీసుకెళ్తాను."

"దేని మీద కొట్టుకున్నారు నాయనా?" పిన్ని అల్లుడిని అడిగింది.

"ఒకే ఒక్క విషయం మీదండీ. గడియకి ఏం చెయ్యాలో పాలుపోనప్పుడు తలుపు ఎలా ఉండాలి అని. మూసి ఉండాలంటారు మావయ్య. మందుల గదులున్నాయి, పిల్లల వార్డులున్నాయి, సందేహమొస్తే మూసెయ్యాల్సిందే అని. నేను తెరవాలంటాను. లోపల మనిషి ఉంటే?"

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "లోపల మనిషే ఉన్నాడు."

కూతురు మొదటిసారి తలెత్తి, "ఆ మాట మీరు మళ్ళీ అనకండి," అంది.

పిన్ని ఆమె పక్కకి కుర్చీ జరుపుకుంది. "ఆ పొద్దున మీరేదో గంట పెట్టుకున్నారటగా. దాని సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పు తల్లీ."

"అరుపుల గంట," అంది కూతురు. "పాత కోడ్‌ని ఎవరెవరు ఇంకా వాడుతున్నారో మాకు తెలీదు పిన్నీ. ఊరికే పంచిపెట్టే సరుకు కదా, ఎవరు పట్టుకెళ్ళారో లెక్కుండదు. ఉత్తరాలు రాస్తే పలకరు. అందుకని, తీసెయ్యబోయే ముందు, ముందే చాటింపు వేసి ఒక గంటసేపు దాన్ని ఆపేస్తాం. ఎవరి తలుపు పనిచెయ్యకపోతే వాళ్ళు ఫిర్యాదుల పేజీలో రాస్తారు. అలా తెలుస్తుంది."

"అరవడానిక్కూడా ఒక గంట కేటాయించుకున్నారన్నమాట," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మా స్టేషన్‌లో రోజంతా అదే."

"ఆ ఫిర్యాదులు చూసేదెవరు?"

"ఆ రోజు నేనే. ఇంట్లో కూర్చుని చూశాను. ఈయనా, నాన్నా తప్ప మావాళ్ళందరూ ఇళ్ళనుంచే చూస్తున్నారు, అందుకే ఆఫీసు ఖాళీ. ఇంకా పాతదే వాడుతున్నారని ముందే తెలిసినవాళ్ళు రాస్తే 'అనుకున్నదే' అని గుర్తుపెట్టి మూసేస్తాను. తెలియని చోటునుంచి వస్తే ఆపి కనుక్కుంటాను."

"తెలియని చోటునుంచి వచ్చాయా?"

"ఒక్కటీ రాలేదు. అన్నీ అనుకున్నవే. అంతా ఎంత సంబరపడ్డామో." "నాన్న అక్కడ పడి ఉన్నారని అప్పటికి తెలీదు."

పిన్ని పైట కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది.

"యంత్రాల గదిలో కంప్యూటరు తెర ఉందా?"

"ఉంది," అన్నాడు అల్లుడు. "మూలన ఒక తెర, కీబోర్డు."

"మరి ఈ అరుపుల పద్ధతి పెట్టిందెవరు?"

అల్లుడూ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నాన్నే," అంది కూతురు.

"పద్ధతి పెట్టినాయన లోపల చిక్కుకుని, ఎదురుగా తెర పెట్టుకుని, అరవకుండా ఉంటాడా?" అంది పిన్ని. "ఆ ల్యాప్‌టాప్ తెరువు."

"అన్నీ నేను చదివినవే పిన్నీ."

"నాకోసం ఇంకోసారి చదువు."

మూసేసిన ఫిర్యాదులు మామూలుగా పేజీలో కనిపించవు. విడిగా అడిగితేనే బయటికొస్తాయి. కూతురు అడిగింది. తెరనిండా వరసగా దిగాయి. ప్రతి దాని పక్కనా అదే మాట: అనుకున్నదే, అనుకున్నదే, అనుకున్నదే. ఆమె వేలు కిందికి జరుపుతూ పోయి, ఒకచోట ఆగింది.

పంపినచోటు: యంత్రాల గది. 'తలుపు తెరుచుకోవడం లేదు. గంట మోగుతోంది. లోపల మనిషి ఉన్నాడు.'

దాని పక్కన 'అనుకున్నదే'. మూసినవారి పేరు ఆమెదే.

కూతురు కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడింది. భర్త ఆమె భుజం పట్టుకున్నాడు.

"నేనా?" అంది. "నేను చూడలేదు ఇది. చూసి ఉంటే... అన్నీ ఒకటే మాట పిన్నీ, తలుపు తెరుచుకోవడం లేదు, తలుపు తెరుచుకోవడం లేదు. ఒకదాని తరవాత ఒకటి వచ్చి పడ్డాయి. చదివే నొక్కాననుకున్నాను. చదవకుండా నొక్కానా? ఏమండీ, నేను చదవకుండా నొక్కానా?"

అతను ఆమె చేతిని ల్యాప్‌టాప్ మీదినుంచి మెల్లగా తీశాడు.

ఇన్‌స్పెక్టర్ తెర మీదికి వంగి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. అతని గొంతులో వెటకారం పోయింది. అంతకంటే భయపెట్టేదేదో వచ్చింది. "అయితే ఇద్దరన్నమాట. భర్త తలుపు మూశాడు. భార్య అరుపు మూసింది. పిన్నిగారూ, మీరు నా పని సగం తగ్గించారు."

"తొందరపడకు బాబూ."

"తొందరా? వారం రోజులు ఆగాను. మీరు ఈమె తరఫున వచ్చారు, ఈమెనే పట్టించారు. ఇంకా ఏం మిగిలింది?"

ఆ మాట పిన్నికి గుచ్చుకుంది. పైకి తేలనివ్వలేదు. పొద్దున పూజగదిలో తనూ మొర పెట్టుకునే వచ్చింది. వినేవాడొకడు ఉన్నాడన్న నమ్మకంతోనే కదా ఎవరైనా మొర పెట్టుకునేది. ఆ పెద్దాయన కూడా అవతల తన కూతురు ఉందన్న నమ్మకంతోనే ఆ రెండు ముక్కలూ రాసి ఉంటాడు. పిలుపు చేరింది. పిలుపు చేరాక ఏమైంది? ఈ పిల్ల చెయ్యి తప్పిందా, లేక ఆ చెయ్యి ఈ పిల్లది కాదా?

"గది చూడాలి," అంది లేస్తూ.

నడవలో మూడు తలుపులు దాటాలి. ప్రతి తలుపు పక్కనా గోడకి చిన్న పలక, దాని మీద మినపగింజంత ఆకుపచ్చ దీపం. అల్లుడు కార్డు ఆనిస్తే దీపం ఒక్కసారి మెరిసి తలుపు తెరుచుకుంటోంది. రెండో తలుపు దగ్గర పిన్ని ఆగింది.

"ఇవన్నీ ఇప్పుడు నీ కొత్త గడియ చేతిలోనే ఉన్నాయా?"

"అవునండీ. ఊరికి చెప్పేముందు మన ఇంట్లో వాడాలి కదా. మంగళవారంనుంచీ ఈ ఆఫీసు మొత్తం కొత్తదాని మీదే ఉంది."

నడవ చివర యంత్రాల గది. బద్దలైన తాళం మళ్ళీ బిగించి, పోలీసులు సీలు వేశారు. తలుపుకి నిలువునా సన్నటి అద్దం, పైన ఎర్ర దీపం. ఇన్‌స్పెక్టర్ సీలు తీసి, ఆఫీసు వాళ్ళిచ్చిన కార్డు పలకకి ఆనించాడు.

ఆకుపచ్చ దీపం మెరిసింది. ఆరింది. మళ్ళీ మెరిసింది. తలుపు తెరుచుకుంది.

"ఆగండి," అన్నాడు అల్లుడు. "ఇంకోసారి పెట్టండి."

ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూ పెట్టాడు. మళ్ళీ రెండుసార్లు మెరిసింది.

"ఏమిటి నాయనా?"

"రెండుసార్లు మెరిసేది పాత గడియండీ. మావయ్యకి అదో అలవాటు. కార్డు చూశాను, తలుపు తీశాను, అని రెండు మెరుపులు పెట్టారు. నేను ఒకటే పెట్టాను. ఈ తలుపు... ఈ తలుపు ఇంకా పాతదాని చేతిలోనే ఉంది. ఉండకూడదు. మా జాబితాలో కొత్తదనే ఉంది. ఇద్దరు ఒప్పుకుంటే తప్ప ఎవరూ దాన్ని మార్చలేరు, మార్చినా అందరికీ తెలుస్తుంది."

"అందుకే జాబితా మార్చలేదు. తలుపు మార్చారు," అంది పిన్ని. "ఆ పొద్దున మీ మావగారు ఇక్కడికెందుకొచ్చాడో అర్థమైందా? తన గడియ నిద్రపోవాల్సిన గంటలో ఇది మేలుకుని ఉంది. రాసినాయన కదా, చూడగానే పోల్చుకున్నాడు. లోపల ఏముందో చూద్దామని వెళ్ళాడు."

ఇన్‌స్పెక్టర్ ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు. "దీపం మెరిస్తే సాక్ష్యమా? అది కూడా ఈయనగారే పెట్టి ఉండచ్చు. కొత్తదాని మీద నింద రాకుండా."

"అలాగైతే అది ఇన్నాళ్ళూ చెప్పకుండా ఎందుకు దాస్తాడు బాబూ? వారంనుంచీ నువ్వు, తలుపు మూసింది కొత్త గడియే అంటుంటే మెదలకుండా విన్నాడే. పక్కకి తప్పుకో. లేదా నువ్వూ లోపలికి రా."

అతను వచ్చాడు. అల్లుడూ వచ్చాడు. కూతురు గుమ్మం అవతలే నిలబడిపోయింది. ఆ గదిలో అడుగుపెట్టడం ఆమెవల్ల కాలేదు.

లోపల చలి. యంత్రాల హోరు. పిన్ని తలుపు వెనక గోడని చేత్తో తడుముతూ పోయింది. అంతా చల్లగా ఉంది, తీగలు దాచిన రేకు మూత ఒక్కచోట తప్ప. అక్కడ గోరువెచ్చగా తగిలింది. మూత లాగితే, వెనక అగ్గిపెట్టెలు రెండు పేర్చినంత నల్లటి డబ్బా, టేపుతో అతికించి ఉంది. ఒక తీగ తాళంలోకి, ఇంకో తీగ గోడ వెంబడి మంటల గ్యాస్ సిలిండర్ల వైపు పోయాయి.

"ఇదీ మీ పాత గడియ," అంది. "దీన్ని పెట్టినవాడికి ఈ తలుపు ఎప్పుడైనా తెరుచుకుంటుంది, ఎవరొచ్చారో ఎక్కడా నమోదు కాదు. మీరు పాతదాన్ని తీసేసినా వాడిది వాడికి ఉంటుంది."

ఇన్‌స్పెక్టర్ వంగి ఆ డబ్బాని చూడబోయాడు.

వాళ్ళ వెనక తలుపు మూసుకుంది.

అల్లుడు పరుగున వెళ్ళి తోశాడు. కదల్లేదు. ఇన్‌స్పెక్టర్ కార్డు పెట్టాడు. దీపం వెలగనే లేదు. ఫోన్లు తీశారు. ఆ రేకు గోడల మధ్య ఒక్కదానికీ సిగ్నల్ లేదు. అద్దం అవతల కూతురు రెండు అరచేతులూ తలుపుకి ఆనించి ఏదో అంటోంది. వినపడడం లేదు.

"తెర," అంది పిన్ని.

అల్లుడు మూలకి వెళ్ళి, మామగారు రాసినచోటే, ఆ పేజీలోనే రాశాడు: 'యంత్రాల గది తలుపు తెరుచుకోవడం లేదు. ముగ్గురం లోపల ఉన్నాం. ఇది పరీక్ష కాదు.'

అతను కీబోర్డు మీదినుంచి చెయ్యి తీసేలోపే జవాబు వచ్చింది.

'అనుకున్నదే.' ఫిర్యాదు మూసుకుపోయింది. మూసినవారి పేరు కూతురిది.

ముగ్గురూ ఒక్కసారే తల తిప్పి అద్దంలోంచి చూశారు. ఆమె అక్కడే ఉంది. పది వేళ్ళూ అద్దానికి అతుక్కుని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ల్యాప్‌టాప్ ముందుగదిలో ఉండిపోయింది. ఫోను కూడా చేతిలో లేదు.

"ఆమె కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, తనకి తనే చెప్పుకుంటున్నట్టు.

"అప్పుడూ ఆమె కాదు," అంది పిన్ని. "ఆమె పేరు పెట్టుకుని ఇంకెవడో కూర్చున్నాడు."

నెత్తిమీద గంట మోగడం మొదలైంది.

"గ్యాస్," అన్నాడు అల్లుడు. "అరనిమిషం మోగి వదుల్తుంది."

పిన్ని డబ్బా దగ్గరికి నడిచింది. "దీన్ని పీకితే?"

"సిలిండర్ల తీగ పీకితే గ్యాస్ ఆగాలి. తలుపు..." అతను తీగ వెంబడి చూపు పోనిచ్చాడు. "అసలు తీగ తెంపలేదు. దీన్ని పక్కనుంచి తగిలించారు. ఇది పోతే తలుపు మళ్ళీ నా గడియ చేతికి రావాలి. కానీ దానికి ఈ తలుపు గురించి ఏమీ తెలీదు. ఇన్నాళ్ళూ దీని మాట వినలేదు."

"అంటే దానికి సందేహమొస్తుంది."

"వస్తుంది."

"సందేహమొస్తే నీ గడియ ఏం చేస్తుందన్నావు?"

అతను భార్య వైపు చూశాడు. "తెరుస్తుంది," అన్నాడు. "తెరవాలనే రాశాను."

ఇన్‌స్పెక్టర్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "ఆ రాత మీద మన ప్రాణాలు పెట్టమంటారా?"

"వారంనుంచీ ఇతని ప్రాణం పెట్టావు కదా బాబూ," అని, పిన్ని మనసులో దేవుణ్ణి తలచుకుని, రెండు తీగలూ కలిపి పట్టుకుని లాగింది.

గంట ఆగింది. యంత్రాల హోరు ఒక్కటే మిగిలింది. తలుపు పక్క దీపం చీకటిగానే ఉంది.

దీపం మెరిసింది. ఒక్కసారే.

తలుపు తెరుచుకుంది. కూతురు లోపలికి పడినంత పనిచేసి భర్తని పట్టుకుంది. "నువ్వు కాదు," అన్నాడు అతను ఆమె చెవిలో, "అది నువ్వు కాదు." అప్పటిదాకా పట్టుకున్న ఏడుపు ఆమెకి అప్పుడు వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ గోడకి చేరబడి చెమట తుడుచుకున్నాడు. కాసేపటికి, "ఆ డబ్బా నాకివ్వండి పిన్నిగారూ," అన్నాడు. ఈసారి అడిగినట్టే అడిగాడు.

పిన్ని ఇవ్వలేదు. దాన్ని తిప్పి అడుగుభాగం చూస్తోంది. అక్కడ తెల్ల కాగితం ముక్క అతికించి ఉంది. దాని మీద చేత్తో రాసిన అంకె: ఏడు.

"అమ్మాయ్, ఇటు చూడు," అంది. "ఆ గంటలో అరవాల్సినవాళ్ళెవరో మీకు ముందే తెలుసన్నావు. వాళ్ళందరూ అరిచారా?"

కూతురు కళ్ళు తుడుచుకుంది. "దాదాపు అందరూ. కొన్ని ఆస్పత్రులు పలకలేదు. చెప్పకుండా కొత్తదానికి మారిపోయారు కాబోలు, పోనీలే అనుకున్నాం."

"ఎన్ని పలకలేదు?"

"ఆరు."

పిన్ని చేతిలో డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది. వాళ్ళు అరవలేదంటే, తలుపులు ఆగలేదు. ఆ తలుపుల వెనక కూడా ఇలాంటిది ఒక్కొక్కటి మేలుకునే ఉంది. దీన్ని పీకేశారని అవతలివాడికి ఈపాటికి తెలిసే ఉంటుంది. పాత గడియ మేలుకుని ఉందని మొదట పోల్చుకున్న పెద్దాయన ఇంకా బతికే ఉన్నాడని కూడా వాడికి తెలుసు.

"మీ నాన్నగారిని ఏ ఆస్పత్రిలో పెట్టారు తల్లీ?"

కూతురు పేరు చెప్పబోయింది. నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది. ఆమె కళ్ళలోకి చూశాక పిన్నికి ఆ పేరు వినాల్సిన పని లేకపోయింది.

"ఆ ఆరింటిలో ఒకటి," అంది కూతురు.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే నడవలో పరిగెడుతున్నాడు.